ఎండ నుండి చర్మరక్షణ – సన్‌స్క్రీన్ లేపనమును వాడవలసిన పద్ధతి



లేత నారుకు ఎండ ఎక్కువైనచో మీరు పందిరి వేయుదురు. మధ్యాహ్నము కాగానే ఎద్దులను విడిచి చెట్టు నీడకు తోలుదురు. ఆకు అంచు మాడినను, కాయ మీద మచ్చ పడినను అదే దినమున గుర్తింతురు. కాని మీ సొంత చర్మము విషయమున ఇంత శ్రద్ధ వహించువారు అరుదు. “మేము ఎండలో పుట్టి ఎండలో పెరిగినవారము, మాకు ఎండ ఏమి చేయును?” అని పలువురు అందురు. ఈ మాటలో కొంత నిజము, కొంత పొరపాటు కలవు.

ఇప్పుడు చిన్న పట్టణముల మందుల దుకాణములలో సైతము సన్‌స్క్రీన్ అను ఎండ లేపనములు దొరకుచున్నవి. చదువుకొన్న పిల్లలు వానిని ఇంటికి తెచ్చుచున్నారు. ఇవి ఎవరికి అవసరము, ఎంత పూయవలెను, ఏ పనికి చాలవు అను విషయములు తెలియక కొందరు డబ్బు వ్యర్థము చేసికొనుచున్నారు. మరికొందరు అవసరముండియు వాడుట లేదు. ఈ విషయములను నాగర్‌కర్నూలు జిల్లాలోని అచ్చంపేట ప్రాంతమును ఉదాహరణముగా తీసికొని ఇచట వివరించుచున్నాము. 2016 వరకు ఈ ప్రాంతము మహబూబ్‌నగర్ జిల్లాలో నుండినది.

వేడి వేరు, చర్మమునకు హాని చేయు కిరణములు వేరు

సూర్యుని నుండి మూడు విధములైన కిరణములు మనకు వచ్చుచున్నవి. కంటికి కనిపించు వెలుతురు మొదటిది. ఒంటికి వేడి తగిలించు కిరణములు రెండవవి. కంటికి కనబడక, వేడియు తగలక, చర్మమును కమల్చునవి మూడవవి. వీనిని అతినీలలోహిత కిరణములందురు. ఇందులో చర్మము వరకు చేరునవి రెండు రకములు. ‘బి’ రకము పైచర్మమును కమల్చును. ‘ఎ’ రకము మరింత లోతునకు పోయి మచ్చలను, ముడతలను కలిగించును. ‘ఎ’ రకము కిటికీ అద్దము గుండా కూడ వచ్చును. కావున అద్దములు బిగించిన ట్రాక్టరులో కూర్చున్నంత మాత్రమున పూర్తి రక్షణ కలుగదు.

ఈ మూడవ రకపు కిరణములకు వేడి తగలదు గనుక జనులు మోసపోవుచున్నారు. మే నెలలో వేడికి భయపడి మధ్యాహ్నము ఇల్లు చేరుదురు. ఆగస్టులో మబ్బులు విడివిడిగా నున్నప్పుడు చల్లగాలి వీచుచుండును. అప్పుడు పత్తిలో కలుపు తీయుటకు తెల్లవారినది మొదలు ప్రొద్దు గ్రుంకువరకు వంగి పని చేయుదురు. పలుచని మబ్బు ఈ కిరణములను పూర్తిగా ఆపజాలదు. ఒంటికి చల్లగా నున్నను మెడ వెనుకభాగము కమలుచునే యుండును.

నీడను చూచి ఎండను కొలువవలెను

ఈ కిరణముల బలమును తెలిసికొనుటకు యంత్రము అక్కరలేదు. చదునైన నేలమీద నిలువుగా నిలిచి మీ నీడను చూడుడు. నీడ మీకంటె పొడవుగా నున్నచో కిరణములు బలహీనముగా నున్నవి. నీడ మీకంటె పొట్టిగా నున్నచో అవి బలముగా నున్నవి, చర్మమును కప్పుకొనవలెను. ఈ పద్ధతి ఏ ఊరనైనను, ఏ ఋతువునైనను పనికి వచ్చును.

అచ్చంపేట సుమారు 16.4 డిగ్రీల ఉత్తర అక్షాంశమున ఉన్నది. అందుచేత సూర్యుడు ఏటా రెండు పర్యాయములు సరిగా నడినెత్తిమీదికి వచ్చును. మొదటిది మే 5, 6 తేదీల ప్రాంతమున, రెండవది ఆగస్టు 7, 8 తేదీల ప్రాంతమున. ఆ దినములలో మధ్యాహ్నము 12 గంటలు దాటిన 10, 20 నిమిషములకు నిలువుగా పాతిన గుంజకు ప్రక్కన నీడయే పడదు. మబ్బు లేనిచో మీ పొలముననే దీనిని పరీక్షించి చూడవచ్చును. ఆగస్టు సూర్యుడు మే సూర్యుని వలెనే నడినెత్తికి వచ్చునను సంగతి రైతులు ముఖ్యముగా జ్ఞాపకముంచుకొనవలెను.

మే మొదటి వారమున ఉదయము సుమారు 9 గంటల నుండి మధ్యాహ్నము 3 గంటల 20 నిమిషముల వరకు మన నీడ మనకంటె పొట్టిగా నుండును. ఆగస్టు మొదటి వారమున ఇది 9 గంటల 10 నిమిషముల నుండి 3 గంటల 30 నిమిషముల వరకు ఉండును. డిసెంబరు మూడవ వారమున, పత్తి ఏరునప్పుడును పల్లి చేనిలో కలుపు తీయునప్పుడును, 10 గంటల 45 నిమిషముల నుండి 1 గంట 40 నిమిషముల వరకు ఉండును. అనగా మన ప్రాంతమున చలికాలపు నడిమధ్యాహ్నము కూడ ఎండ పూర్తిగా నిరపాయము కాదు.

నల్లని చర్మమునకు రక్షణ కలదా?

కలదు. చర్మమునకు నలుపును ఇచ్చు మెలనిన్ అను పదార్థము ఈ కిరణములలో కొంత భాగమును పీల్చుకొనును. అందువలననే తెల్లజాతుల వారికంటె మనకు చర్మపు పుట్టకురుపు, అనగా క్యాన్సరు, చాల అరుదు. ఈ విషయమున ఎవరును అనవసరముగా భయపడరాదు.

కాని ఆ రక్షణ పూర్తి రక్షణ కాదు. చర్మము కమలుట, బుగ్గలమీద మంగు ముదురుట, చిన్న వయసుననే చర్మము ముడతపడుట మనవారిలోను కలుగుచున్నవి. ఏండ్ల తరబడి తగులు ఈ కిరణముల వలన కంటిలో శుక్లము ఏర్పడుట త్వరితమగును. కంటి తెల్లగ్రుడ్డు మీద కండ పెరుగుట కూడ ఎండలో పనిచేయువారికే హెచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా విభాగము 1992లోనే సూర్యకాంతిని క్యాన్సరు కారకములలో చేర్చినది.

కొందరికి పుట్టుకతోనే మెలనిన్ ఉండదు. వారి వెండ్రుకలు, చర్మము తెల్లగా నుండును, కండ్లు వెలుతురును ఓర్వజాలవు. ఇట్టివారు ఎండలో పని చేసినచో చర్మపు క్యాన్సరు కలుగు ప్రమాదము మెండు. వారికి సన్‌స్క్రీన్ సోకు వస్తువు కాదు, మందు. బొల్లి మచ్చలు గలవారు ఆ మచ్చలను, మంగు గలవారు ముఖమును అట్లే కాపాడుకొనవలెను. ఇంటిలో ఇట్టివారున్నచో కుటుంబమునకు కొనగలిగిన ఒక్క ట్యూబును మొదట వారికే ఇయ్యవలెను.

మొదట నీడ, తరువాత బట్ట, చివరకు లేపనము

ఎండ నుండి కాపాడుకొనుటలో లేపనము మూడవ మెట్టు మాత్రమే. మొదటి రెండు మెట్లు ఖర్చు లేనివి.

నీడ పొట్టిగా నున్న వేళలలో చేయనక్కరలేని పనిని చేయకుండుట మొదటి మెట్టు. కలుపు, పూడికతీత, గట్టు వేయుట వంటి పనులను తెల్లవారుజామున ప్రారంభించి, ఎండ ముదిరిన తరువాత వేప, కానుగ చెట్ల నీడన కూర్చుండి చేయదగిన పనులను పెట్టుకొనవలెను. పల్లికాయ తెంపుట, గింజ ఒలుచుట అట్టివి. బిడ్డకు చెట్టుకొమ్మకు జోలె కట్టు తల్లులు నీడ కదలుచుండునను మాట మరువరాదు. ఉదయము నీడలో నున్న జోలె మధ్యాహ్నమునకు ఎండలో పడును.

బట్ట రెండవ మెట్టు. పత్తి ఏరు స్త్రీలు చీరమీద పొడుగు చేతుల చొక్కా తొడుగుకొనుట మనమెల్లరము చూచినదే. అది మంచి అలవాటు, పురుషులు కూడ నేర్చుకొనదగినది. బట్టను ఆకాశమువైపు ఎత్తి చూడుడు. వెలుగు జల్లెడలో వలె రాలుచున్నచో కిరణములును అట్లే వచ్చును. దట్టమైన నేత, కొంచెము ముదురు రంగు గల బట్ట మేలు. చెమటకు తడిసి ఒంటికి అంటుకొన్న పలుచని నూలుబట్ట రక్షణ తగ్గును. తలకు చుట్టిన రుమాలు మాడును కాపాడును గాని చెవులను, ముక్కును, మెడను కాపాడజాలదు. కావున రుమాలు కొసను మెడమీదికి వ్రేలాడునట్లు వదలవలెను, లేదా నాలుగు వైపుల మూడు అంగుళముల అంచు గల టోపి ధరింపవలెను.

ఈ రెండు మెట్ల తరువాత ఎండకు మిగులునవి ముక్కు, బుగ్గలు, పెదవులు, చేతుల వెనుకభాగము, పాదములు. లేపనము వీనికొరకే.

ట్యూబు మీద ఏమి చూడవలెను?

సన్‌స్క్రీన్ లేపనములలో జింకు ఆక్సైడు, టైటానియము డయాక్సైడు వంటి ఖనిజములు గాని, కిరణములను పీల్చుకొను ఇతర రసాయనములు గాని ఉండును. పొలమున వరికి వేయు జింకు సల్ఫేటు వేరు. పేరులో జింకు ఉన్నదని దానిని ఎన్నడును ఒంటికి పూయరాదు.

ట్యూబు మీద ‘ఎస్.పి.ఎఫ్.’ అను గుర్తు, దాని ప్రక్కన అంకె ఉండును. కమల్చు కిరణములలో ఎంత భాగము ఆగునో ఈ అంకె తెలుపును. 15 అంకె గల లేపనము నూటికి 93 పాళ్లను, 30 అంకె గలది 97 పాళ్లను, 50 అంకె గలది 98 పాళ్లను ఆపును. 30కిని 50కిని భేదము స్వల్పము. కావున 30 అంకె గలది చాలును, హెచ్చు ధర పెట్టి పెద్ద అంకె కొననక్కరలేదు. ‘పి.ఎ.’ అను గుర్తు ప్రక్కనుండు ప్లస్ గుర్తులు ‘ఎ’ రకపు కిరణముల నుండి కలుగు రక్షణను తెలుపును. మూడు ప్లస్ గుర్తులకు తగ్గనిది తీసికొనవలెను. వాడవలసిన గడువు తేదీని విత్తనపు సంచిమీద చూచినట్లే చూడవలెను. చెమటకు, నీటికి తట్టుకొనునని వ్రాసియున్నచో పొలము పనికి మరింత అనుకూలము.

తెల్లబరచు క్రీములు సన్‌స్క్రీనులు కావు. కొబ్బరినూనె, పసుపు, స్నో, పౌడరు ఈ పనికి చాలవు.

ఎంత పూయవలెను? ఎప్పుడు పూయవలెను?

పొరపాటంతయు ఇచటనే జరుగుచున్నది. ట్యూబు మీద వ్రాసిన అంకె చదరపు సెంటీమీటరు చర్మమునకు 2 మిల్లీగ్రాముల చొప్పున పూసి పరీక్షించగా వచ్చినది. వాడువారు సాధారణముగా అందులో సగము గాని, నాలుగవ వంతు గాని పూయుచున్నారు. ఎకరమునకు చెప్పిన మందులో నాలుగవ వంతు చల్లి, పురుగు చావలేదని మందును నిందించుట ఎట్టిదో ఇదియు అట్టిదే.

చూపుడువ్రేలు, నడిమివ్రేలు చాపి, రెండిటి పొడవునను రెండు గీతలుగా లేపనమును పిండుడు. అది ముఖమునకు, మెడకు ఒకసారికి వలసిన మోతాదు. చేతుల వెనుకభాగములకు మరి అర టీ చెంచా కావలెను. ముఖము కడిగి, తుడుచుకొని, ఎండలోనికి పోవుటకు 15, 20 నిమిషముల ముందు పూయవలెను. చెవి తమ్మెలను, ముక్కు కొనను మరువరాదు. గట్టిగా రుద్దక, సమముగా పరచవలెను.

ఉదయము పూసినది సాయంకాలము వరకు ఉండదు. రెండు గంటలకు ఒకసారి తిరిగి పూయవలెను. చెమట పట్టి తువ్వాలుతో తుడుచుకొన్నచో వెంటనే పూయవలెను. మట్టిచేతులతో పూయరాదు. సద్ది తినుటకు చేతులు కడిగినప్పుడే రెండవసారి పూసికొనుట సులభమైన పద్ధతి.

ఇప్పుడు ఖర్చు లెక్క చూతము. ముఖము, మెడ, చెవులు, చేతులకు ఒకసారికి సుమారు 7 మిల్లీలీటర్లు కావలెను. దినమునకు రెండుసార్లు పూసినచో 50 మిల్లీలీటర్ల ట్యూబు నాలుగు దినములు కూడ రాదు. ఏ చిన్న రైతును ఇంత ఖర్చు భరింపజాలడు. అదే పొడుగు చేతుల చొక్కా తొడిగి, మెడను, చెవులను రుమాలుతో కప్పినచో ముక్కు, బుగ్గలు, చేతుల వెనుకభాగము మాత్రమే మిగులును. వానికి రెండున్నర మిల్లీలీటర్లు చాలును. అప్పుడు ఆ ట్యూబే పది దినములు వచ్చును. బట్ట ముందు, లేపనము తరువాత అని చెప్పుటకు కారణమిదియే. కొనగలిగినంత కొద్దిగా నున్నచో ఒళ్లంతయు పలుచగా పూయుటకంటె ముక్కు, బుగ్గలకు నిండుగా పూయుట మేలు.

మొదటిసారి వాడునప్పుడు మోచేతి లోపలివైపు కొద్దిగా పూసి ఒక దినము చూడవలెను. దురద, దద్దురు వచ్చినచో వాడరాదు. ఆరు నెలల లోపు పసిబిడ్డలకు పూయరాదు, నీడను, బట్టను నమ్ముకొనవలెను. ట్యూబును మోటారు సైకిలు పెట్టెలోను, రేకుల కొట్టములోను ఉంచినచో వేడికి చెడిపోవును.

పురుగుమందు, కలుపుమందు చల్లు దినమున

ఈ విషయము రైతులకు ముఖ్యమైనది. కొన్ని రకముల సన్‌స్క్రీన్ పూసినప్పుడు 2,4-డి వంటి కలుపుమందు చర్మము గుండా హెచ్చుగా లోపలికి ఇంకినట్లు ప్రయోగశాల పరిశోధనలలో తేలినది. కావున మందు చల్లు దినమున లేపనముమీద ఆధారపడరాదు. పొడుగు చేతుల చొక్కా, చేతి తొడుగులు, ముఖమునకు ముసుగు, కండ్లద్దములు ధరించి, చల్లనివేళ గాలివాటు చూచి చల్లవలెను. పని ముగిసిన వెంటనే సబ్బుతో కడుగుకొనవలెను. మందు అంటిన చేతులతో లేపనము పూయుట ఎన్నడును తగదు.

ఎండ తగులు చోట వచ్చు మచ్చలన్నియు ఎండ వలననే కావు

ముఖము, మెడ, చేతులమీద దురదయు, నలుపును వచ్చినచో అందరును ఎండ పొక్కు అందురు. కారణము వేరుగా నుండవచ్చును.

1955లో పుణెలో మొదట గుర్తింపబడిన వయ్యారిభామ, అనగా కాంగ్రెసు గడ్డి, నేడు మన గట్లమీద అంతటను ఉన్నది. దాని పొడి గాలిలో కలిసి కనురెప్పలమీద, మెడమీద, మోచేతి మడతలలో పడి చర్మమును దళసరిగా, నల్లగా చేయును. దురద తీవ్రముగా నుండును. ఇట్టివారికి ఎండ తగిలిన బాధ హెచ్చును. లేపనము ఒక్కటే దీనిని మాన్పజాలదు. పూతకు రాకమునుపే, చేతి తొడుగులతో, నేల తడిగా నున్నప్పుడు ఆ గడ్డిని వేళ్లతో పెరికివేయవలెను. ఈ దురద ఉన్నవారు ఆ పని చేయరాదు.

వెనుక దక్కను పీఠభూమిలో జొన్నలే ముఖ్యాహారముగా నుండిన పేదలలో పెలాగ్రా అను జబ్బు కనబడెడిది. మెడచుట్టు హారమువలె, చేతులమీద, పాదములమీద, ఎండ తగిలిన చోటనే చర్మము నల్లబడి పొలుసులు లేచెడివి. చూచుటకు ఎండ జబ్బు, మూలము మాత్రము నయాసిన్ అను విటమిను కొరత. హైదరాబాదున పోషకాహార పరిశోధనలు చేసిన డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకంఠయ్య గార్లు జొన్నలలోని లూసిన్ అను పదార్థమునకు ఈ జబ్బుతో గల సంబంధమును గూర్చి 1960లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. నేడు ఈ జబ్బు అరుదు. అయినను సరిగా తినక మద్యమునకు అలవాటుపడినవారిలో రావచ్చును. జొన్నరొట్టెకు పప్పు, పాలు, పల్లీలు తోడైనచో భయము లేదు. మన చేల పండు పల్లీలలో నయాసిన్ 100 గ్రాములకు సుమారు 12 మిల్లీగ్రాములు ఉన్నది. అన్నియు అంగడికే పంపక ఇంటికి కొన్ని ఉంచుకొనవలెను.

మంగు పోవునని, ముఖము తెల్లబడునని కొందరు దుకాణములలో స్టెరాయిడు కలిసిన క్రీములు కొని నెలల తరబడి పూయుచున్నారు. వీని వలన చర్మము పలుచనై, ఎండకు ఓర్వలేనిదగును. బావంచి గింజల తైలము కూడ ఎండ తగిలినచో బొబ్బలు పుట్టించును. నిమ్మరసము చర్మముమీద ఉండగా ఎండ తగిలినను అట్లే జరుగును. వైద్యుని అడుగక ఇట్టివి వాడరాదు.

కమిలిన చర్మమునకు ఏమి చేయవలెను?

నీడకు చేరి, చల్లని నీటిలో తడిపిన బట్ట వేయవలెను. నీరు, మజ్జిగ త్రాగవలెను. టూత్‌పేస్టు, బూడిద పూయరాదు. బొబ్బలను చిదుమరాదు. బొబ్బలు విస్తారముగా లేచినను, జ్వరము వచ్చినను ఆసుపత్రికి పోవలెను.

సన్‌స్క్రీన్ పూసికొన్నవారికి వడదెబ్బ తగులదని తలచుట ప్రమాదకరము. ఆ లేపనము వేడిని ఆపదు. ఒళ్లు కాలుచు, మాట తడబడి, స్పృహ తప్పుచున్నచో అది వడదెబ్బ. వెంటనే ఒళ్లంతయు నీటితో తడిపి, విసరుచు, 108 వాహనమును పిలువవలెను.

నెల దాటినను మానని పుండు, పెరుగుచున్న పుట్టుమచ్చ, పెదవిమీద మానని పగులు ఉన్నచో ఆలసింపక వైద్యునికి చూపవలెను.

గ్రామాధికారులకు మనవి

వేసవిలో చెరువు పూడికతీత, కందకముల పని జరుగునప్పుడు నీడ పొట్టిబడు వేళకు ముందే పని ముగియునట్లు ఏర్పాటు చేయవలెను. పనిచోట పందిరి, త్రాగునీరు ఉండవలెను. బడి పిల్లల ఆటలను ఉదయముననో సాయంకాలముననో పెట్టించవలెను. పుట్టుకతో చర్మము తెల్లగా నుండువారు ఊరిలో ఎందరున్నారో తెలిసికొని, వారిని ప్రభుత్వ ఆసుపత్రిలోని చర్మవైద్యునికి చూపించవలెను. వారికి కూలి పనిలో నీడన చేయు పనిని కేటాయించుట న్యాయము. వానాకాలము రాగానే గట్లమీద, బడి ఆవరణలో వయ్యారిభామను పెరికించవలెను.

రైతు సోదరులారా! రేపు పొలమునకు పోయినప్పుడు ఒకసారి మీ నీడను చూడుడు. అది మీకంటె పొట్టిగా నున్నచో, గాలి చల్లగా నున్నను, చొక్కా చేతులు దింపుకొని రుమాలు కొసను మెడమీదికి లాగుకొనుడు. మిగిలిన చోట, ట్యూబు ఉన్నచో, నిండుగా పూయుడు.